ఏడో నంబరు మిషన్ రికార్డు

అబద్ధం చెప్పాలన్నా దానికి తగ్గ ముఖం ఉండాలి. పళ్ళాయనకి అది లేదు. నోరు ఎంత ధీమాగా మాట్లాడినా చెవులు మాత్రం ఎవరో పట్టుకుని మెలిపెట్టినట్టు ఎర్రగా కందిపోతాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకే చెవులు కనపడకుండా జుట్టు పెంచాడు. ఎవరైనా అడిగితే తనకి అదే నప్పుతుందంటాడు.

పళ్ళాయనంటే కట్టుడుపళ్ళు చేసే ఆయన. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపిస్తే, ఇంటి ముందుగదిలో కూర్చుని మైనం కరిగించి, పళ్ళు పేర్చి, అరగదీసి, నునుపు తేల్చి పంపిస్తాడు. వీధి మొత్తానికీ ఆయన పళ్ళాయనే. కొత్తగా దిగినవాళ్ళెవరో సంచీ పట్టుకొచ్చి "అరటిపళ్ళున్నాయా అండీ?" అని అడగడం, బల్ల మీద వరసగా ఇకిలిస్తున్న దవడల్ని చూసి వచ్చిన దారినే పోవడం కూడా జరిగింది.

మనిషి మంచివాడే. పనిలో వేలెత్తి చూపడానికి లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చెప్పిన పెద్ద అబద్ధం ఒకే ఒక్కటి. ఖర్మ చూడండి, దాన్ని కట్టుకోబోయే పిల్లకే చెప్పాడు!

అప్పట్లో ఆయన ఒక కంప్యూటర్ సెంటర్లో కోర్సు చేస్తుండేవాడు. పాఠం అవ్వగానే కుర్రాళ్ళంతా పాతాళం అనే తుపాకి ఆటకి ఎగబడేవాళ్ళు. తెర అడుగున మన చెయ్యి, చేతిలో తుపాకి. ఎదురుగా చీకటి నడవాలు, తలుపులు, ఆ తలుపుల వెనక నిప్పుముద్దలు విసిరే రాక్షసులు. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి చూస్తే ఏడో నంబరు మిషన్‌లో ఒక రికార్డింగు ఉంది. సెంటర్లో ఒక్కడికీ కొరుకుడుపడని ఆఖరి అంతస్తుని ఎవరో ఒంటి మీద గీత పడకుండా దాటేశారు. పేరు లేదు, ఊరు లేదు. సెంటరంతా గగ్గోలెత్తిపోయింది.

రిసెప్షన్లో కూర్చుని ఫారాలు నింపే అమ్మాయి ఒకత్తె ఉండేది. పళ్ళాయనకి ఆ అమ్మాయంటే ప్రాణం. ఎదురుగా నిలబడితే మాత్రం నోరు పెగిలేది కాదు. అలాంటిది ఆ రోజు ఆ అమ్మాయే పిలిచి అడిగింది: "ఇంతకీ ఏడో నంబరు మిషన్ మీద ఆడిందెవరో తెలిసిందా?"

"నేనే" అనేశాడు.

ఎందుకన్నాడో ఆయనకే తెలీదు. నోట్లోంచి వచ్చేసింది, అంతే. ఆ అమ్మాయి ఓ నిమిషం అలా చూసి, "అబ్బో!" అంది. ఆ అబ్బోతో పళ్ళాయన కాళ్ళు నేల మీద ఆనలేదు. "ఏదీ, మళ్ళీ ఆడి చూపించు" అని కుర్రాళ్ళు వెంటపడితే, మణికట్టు బెణికిందని రెండు వారాలు కట్టు కట్టుకు తిరిగాడు. ఈలోగా కోర్సు అయిపోయింది. వెళ్ళేముందు కుర్రాళ్ళు ఆ ఆటనీ, రికార్డునీ ఒక సీడీలోకి ఎక్కించి గుర్తుగా ఆయన చేతిలో పెట్టారు. తర్వాత ఆ అమ్మాయితో పెళ్ళి కూడా అయిపోయింది.

అసలు నిజం ఏమిటంటే, పళ్ళాయన ఆ ఆట ఆడలేడు. తెర మీద ఆ నడవాలు అటూ ఇటూ తిరగడం మొదలుపెడితే రెండో నిమిషానికి తల గిర్రుమంటుంది, మూడో నిమిషానికి కడుపులో దేవుతుంది. కానీ ఆ రికార్డు చూసే ఆవిడ తన మొహం చూసిందని ఆయన గట్టి నమ్మకం. లేకపోతే తనలో ఏముంది గనక? ఈ అబద్ధం గాని బయటపడితే ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ముందు ఇంకెలా తలెత్తుకోవడం? ఈ భయంతో ఆయన పద్దెనిమిదేళ్ళు బతికాడు. భయపడేవాడు నోరు మూసుకుని ఉండాలి కదా! ఊహూ. కూతురికి ఊహ తెలిసినప్పటినుంచి అదే కోత.

"గది ఖాళీ అయ్యింది కదాని వెళ్ళిపోకూడదు తల్లీ. గుమ్మం దగ్గర ఆగాలి. వెనక్కి తిరగాలి. ఎడమ మూల నుంచి కుడి మూల దాకా ఓసారి చూసి, అప్పుడు కదలాలి. దాన్నే వెనకచూపు అంటారు. నేనే కనిపెట్టాను" అనేవాడు. ఆ రికార్డులో ఆడినవాళ్ళు ప్రతి గదిలోనూ అదే చేశారని సెంటర్లో చూసి గుర్తుపెట్టుకున్నాడు మరి. జుట్టు కింద చెవులు మండుతూనే ఉండేవి.

భార్య వెనకగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. కంప్యూటరంటే మాత్రం ఆమడ దూరం. "ఆ గోల నాకు తెలీదు బాబూ" అంటుంది. రైలు టికెట్లన్నా, పిల్ల స్కూల్ ఫారాలన్నా, కుళాయి కంప్లయింటన్నా అన్నీ పళ్ళాయన నెత్తినే. ఆయన ఊళ్ళో లేకపోతే ఆవిడ తమ్ముడి నెత్తిన.

ఆ తమ్ముడు ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటాడు. విండోస్ బదులు కంప్యూటర్ని నడిపే లైనక్సు అంటే చెవి కోసుకుంటాడు. ఎవరింటికెళ్ళినా పలకరింపు కూడా అవ్వకుండానే "మీ కంప్యూటర్లో లైనక్సు పెట్టనా?" అంటాడు. పళ్ళాయన ఎనిమిదేళ్ళుగా అతణ్ణి గుమ్మం దగ్గరే ఆపుతూ వచ్చాడు. అయితే రెండు నెలల కిందట కూతురు స్కూల్నుంచి వచ్చి, "నాన్నా, పాత ఆటలన్నీ మళ్ళీ ఆడుకోవచ్చట! పాతాళం పెట్టుకుందాం, నువ్వు ఆడి చూపించాలి" అంది. పళ్ళాయనకి చప్పున ఒక దారి తోచింది. లైనక్సులో ఆటలు నడవవని ఎప్పుడో ఎవరో అనగా విన్నాడు. వెంటనే ఫోన్ తీశాడు.

"ఒరే, ఆ లైనక్సేదో వచ్చి పెట్టెయ్యరా."

"బావా!" అన్నాడు బావమరిది, గొంతు గద్గదమై. "ఇన్నాళ్ళకి నీ కళ్ళు తెరుచుకున్నాయా!" అరగంటలో వచ్చి వాలాడు, సాయంత్రానికి పెట్టేశాడు. ఆ పూట పళ్ళాయన కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయాడు. కూతురు ఎప్పుడడిగినా "ఏం చేస్తాం తల్లీ, లైనక్సులో నడవదుగా. లేకపోతే చూపించేవాణ్ణి నా తడాఖా" అని నిట్టూర్చడం మొదలుపెట్టాడు.

తనంతట తనే వెళ్ళి పులి నోట్లో తల పెట్టానని ఆయనకి తెలిసింది మొన్న ఆదివారం మధ్యాహ్నం.

బావమరిది చేతులు నులుముకుంటూ వచ్చాడు. "బావా, శుభవార్త! నీ పాతాళం లైనక్సులో నడుస్తుంది!"

పళ్ళాయన చేతిలో ఉన్న పైదవడ కింద పడింది. "అదెలారా? నడవదన్నారే!"

"ఎవడన్నాడు? ఆట తయారుచేసినవాళ్ళు ఎప్పుడో దాని లోపలి రాతంతా లోకానికి ఇచ్చేశారు. మోజున్నవాళ్ళు దాంతో లైనక్సులో ఆటని నడిపే కొత్త ఇంజను కట్టుకున్నారు. గోడలూ, రాక్షసులూ మాత్రం మన పాత సీడీలోంచి తీసుకోవాలి. సీడీ ఏదీ?"

"సీడీనా? ఇల్లు మారినప్పుడు పోయింది కదరా" అన్నాడు పళ్ళాయన. చెవులు భగ్గుమన్నాయి.

వెనకగదిలోంచి ఆవిడ గొంతు వినపడింది. "పోలేదండీ. గుండీల డబ్బా అడుగున దాచాను. తెస్తానుండండి."

నలుగురిలో ఆవిడ ఆయన్ని మీరు అంటుంది, ఇద్దరే ఉన్నప్పుడు నువ్వు అంటుంది. ఆ మీరు ఇవాళ ఆయనకి మరీ మర్యాదగా వినపడింది. సీడీ తెచ్చి తమ్ముడికిచ్చి, ఒక చొక్కా, సూది, దారం పట్టుకుని ఆవిడ కూడా వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎన్నడూ లేనిది!

సీడీ గరగరలాడుతూ తిరిగింది. గీతలు పడి ఉంటే బాగుండునని పళ్ళాయన మొక్కుకున్నాడు. పడలేదు. బావమరిది నల్లకిటికీ ఒకటి తెరిచి టకటకా ఏవో ఆజ్ఞలు కొట్టాడు. "ఇదిగో బావా, దీన్ని టెర్మినల్ అంటారు. మనం చెప్పాలి, అది వినాలి" అన్నాడు. అది వినలేదు. ఆట తెర తళుక్కుమని మూసుకుపోయింది.

"పోనీలేరా, పాపం దానికీ వయసైపోయింది. టీ తాగుదాం రా" అన్నాడు పళ్ళాయన సంబరంగా.

"ఆగు బావా." రెండోసారి తెర తెరుచుకుంది గాని మూగది. పళ్ళాయన "శబ్దం లేకుండా ఏం ఆటరా, వదిలెయ్" అన్నాడు. మూడోసారికి తెరతోపాటు రాక్షసుల గురగుర కూడా వచ్చింది. కూతురు చప్పట్లు కొట్టింది. పళ్ళాయనకి ఆ గురగుర తన కడుపులోంచే వచ్చినట్టనిపించింది.

"ముందు నీ రికార్డు చూద్దాం బావా. సీడీలోనే ఉంది" అన్నాడు బావమరిది.

ఆఖరి అంతస్తు మొదలైంది. తుపాకి ముందుకు కదిలింది, నాలుగడుగులు చక్కగా నడిచింది. తర్వాత తలుపు పక్కన గోడకి వెళ్ళి గుద్దుకుంది. గుద్దుకుని, గోడనే టపటపా కాల్చింది. వెనక్కి తిరిగి, ఎవరూ లేని మూలకి గురిపెట్టి అక్కడా కాల్చింది. మళ్ళీ గోడ. ఈలోపు ఒక రాక్షసుడు తాపీగా వెనకనుంచి వచ్చి వీపు చీరుతుంటే, మన వీరుడు గోడతోనే కుస్తీ పడుతున్నాడు.

కూతురు నేల మీద దొర్లి దొర్లి నవ్వింది. "నాన్నా, ఇదేనా నీ తడాఖా!"

"బావా, పళ్ళు కట్టినట్టే కథలు కూడా కట్టావన్నమాట!" అన్నాడు బావమరిది.

నవ్వులపాలయినందుకు పళ్ళాయన సంతోషానికి అంతులేదు. ఇంతకన్నా మంచి ఉపాయం తను కలగన్నా దొరికేది కాదు! "చూశారా, లైనక్సు నా పరువు తీసేసింది. ఇంక నేను ఆడను గాక ఆడను" అని లేచి నిలబడ్డాడు కూడా. భార్య మాత్రం నవ్వలేదు. సూది పట్టుకున్న చెయ్యి ఆపి, తెర వంక చిరాగ్గా చూస్తోంది.

"ఏదో తేడాగా ఉందిరా. సరిగ్గా చూడు" అంది తమ్ముడితో.

"అవునక్కా, తప్పు బావది కాదు." అతను గడ్డం గోక్కున్నాడు. "ఈ రికార్డులో బొమ్మలుండవు. ఏ క్షణంలో ఏ మీట నొక్కారన్నదే ఉంటుంది. పాత ఇంజనులో చిన్నచిన్న తప్పులుండేవి, కొత్తవాళ్ళు వాటిని సరిచేశారు. దాంతో అడుగు వెంట్రుకవాసి అటూ ఇటూ అయి, మనిషి గోడకి తగులుకున్నాడు. పాత తప్పుల్ని తప్పులుగానే ఉంచి నడపమని చెప్పొచ్చు. ఒక్క నిమిషం!"

నిమిషం కూడా పట్టలేదు. ఈసారి తుపాకి నాలుగడుగులు వేసి, తలుపు తీసుకుని లోపలికి దూసుకుపోయింది. రాక్షసులు ఒకడి తర్వాత ఒకడు కూలిపోతున్నారు. నిప్పుముద్దలు పక్కనుంచి పోతున్నాయిగాని ఒక్కటీ తగలదు. గది ఖాళీ అయింది. గుమ్మం దగ్గర తుపాకి ఆగింది. వెనక్కి తిరిగింది. ఎడమ మూల నుంచి కుడి మూల దాకా తీరిగ్గా ఓ చూపు చూసి, అప్పుడు బయటికి కదిలింది.

"వెనకచూపు!" అని అరిచింది కూతురు.

పళ్ళాయన కళ్ళప్పగించి ఉండిపోయాడు. ఈ చూపు ఆయనకి తెలుసు. రికార్డులో చూసి తెలిసింది కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఎక్కడికి బయల్దేరినా తను చెప్పులేసుకుని మెట్ల మీద నిలబడి "ఇంకా ఎంతసేపు!" అని విసుక్కుంటుంటే, గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి, ఎడమ మూల నుంచి కుడి మూల దాకా ఇల్లంతా ఓసారి చూసుకుని గాని అడుగు బయటపెట్టని మనిషి ఒకరున్నారు. అంతకుముందు సెంటర్ మూసేటప్పుడు కూడా అంతే చేసేది.

మెల్లిగా తల తిప్పాడు. ఆవిడ చొక్కాకి గుండీ కుడుతోంది. తెర వంక చూడటం లేదు. కానీ తెర మీద తుపాకి పేలడానికి ఒక్క క్షణం ముందు, ప్రతిసారీ, ఆవిడ ఎడంచేతి చూపుడువేలు చొక్కా మీద టక్కుమంటోంది.

ఎవరి రికార్డు పట్టుకుని ఎవరికి కోతలు కోశాడు! ఆవిడకే, ఆవిడ ఎదురుగానే, ఆవిడ చూపుకి తను పేరు పెట్టి మరీ! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది ఆయనకి.

"రా నాన్నా, ఇప్పుడు నువ్వు ఆడు" అని కూతురు ఆయన్ని లాక్కొచ్చి కుర్చీలో కూలేసింది.

ఆడాడు. ఆడాడనడం ఎందుకు, నిమిషంలోపు మూడుసార్లు చచ్చాడు. రెండుసార్లు రాక్షసుల చేతిలో, ఒకసారి తనంతట తనే యాసిడ్ గుంటలోకి నడిచి. తల గిర్రుమంది, నుదుటి మీద చెమటలు. ఇంక దాచి ఏం లాభమనిపించింది. మౌస్ వదిలేసి లేచి నిలబడ్డాడు.

"ఆ రికార్డు నాది కాదు. అబద్ధం చెప్పాను" అన్నాడు. "ఆడింది మీ అక్కరా."

మేనమామా మేనకోడలూ ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వడం మొదలుపెట్టారు.

"అక్కా? ఫోన్‌లో ఫొటో పంపాలంటే నాకు ఫోన్ చేసే అక్కా? బావా, ఓడిపోతే ఓడిపోయావు, మధ్యలో ఆవిణ్ణెందుకు ఇరికిస్తావ్!"

"నిజంరా, ఒట్టు!" అన్నాడు పళ్ళాయన. పద్దెనిమిదేళ్ళు అబద్ధం చెప్తే నోరు తెరుచుకుని నమ్మారు, ఒక్క నిజం చెప్పేసరికి కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఇదెక్కడి న్యాయం!

"నన్ను లాగకండి బాబూ, నాకా గోల తెలీదు" అంది ఆవిడ, దారం కొరుకుతూ. "ఆ మౌస్ చూడండి ఎలా అఘోరించిందో. దాంతో ఎవరు మాత్రం ఏం ఆడతారు? వెళ్ళి ఒక మంచిది పట్టుకురండి ఇద్దరూ."

"అదీ నిజమే. పద కోడలా" అని బావమరిది చెప్పులేసుకున్నాడు. మెట్ల మీద వాళ్ళ నవ్వులు దూరమయ్యేదాకా ఆవిడ సూది కదులుతూనే ఉంది. తర్వాత చొక్కా పక్కన పెట్టి, వచ్చి కుర్చీలో కూర్చుని, వేళ్ళు పటపటా విరిచింది.

"జరుగు" అంది.

నల్లకిటికీ తెరిచి టకటకా ఏదో కొట్టింది. ఆట మొదలైంది, మూలన రికార్డింగు గుర్తు కూడా వెలిగింది. పళ్ళాయన నోరు తెరిచాడు. "ఇదెప్పుడు నేర్చుకున్నావ్?"

"వాడు రెండు నెలలుగా చెవినిల్లు కట్టుకుని చెప్తున్నాడుగా. కుట్టుమిషన్ దగ్గర కూర్చుంటే చెవులు పనిచెయ్యవా?" రాక్షసుడొకడు కూలాడు. "సెంటర్లో మధ్యాహ్నం అందరూ తిండికి పోయేవాళ్ళు. గంటసేపు ఖాళీ. ఏం చెయ్యమంటావ్?"

"మరి ఆ రోజు నన్నెందుకు అడిగావ్, ఎవరాడారో తెలిసిందా అని?"

"ఎవరైనా కనిపెట్టారేమోనని అడిగాను. నువ్వేమో నేనే అన్నావ్!" ఆవిడకి నవ్వాగలేదు. తుపాకి మాత్రం గురి తప్పలేదు. "కట్టు కూడా కట్టుకొచ్చావ్. ఒకరోజు మర్చిపోయి ఎడం చేతికి కట్టుకొచ్చావ్. వదులైందని చెప్పి విప్పి, కుడిచేతికి కట్టిందెవరనుకున్నావ్?"

పళ్ళాయన కుడి మణికట్టు తడుముకున్నాడు. "అన్నీ తెలిసి నన్నెందుకు చేసుకున్నావే?"

"నేనే అంటుంటే నీ చెవులు చూశాను. అప్పటికింకా ఈ జుట్టు లేదుగా. టమాటా పళ్ళలా అయిపోయాయి. ఈ మనిషి జన్మలో నా దగ్గర ఏదీ దాచలేడు, హాయిగా బతకొచ్చు అనుకున్నాను. బతికాను కూడా." ఆ మాట ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండానే అంది. ఆయనకి మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల తిరగడం వల్ల కాదు.

"మరి నువ్వు దాచావుగా, పద్దెనిమిదేళ్ళు!"

"దాచాను. నా చెవులు ఎర్రబడవుగా" అంది. "వాళ్ళకి మాత్రం చెప్పకు. నాకు కంప్యూటరొచ్చని తెలిస్తే టికెట్లూ, ఫారాలూ, కుళాయి కంప్లయింట్లూ అన్నీ నా నెత్తిన పడతాయి. బంగారంలాంటి కాపురం పాడవుతుంది."

ఆఖరి గది ఖాళీ అయింది. గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి, ఎడమ మూల నుంచి కుడి మూల దాకా చూసి, అంతస్తు దాటేసింది. అదే సమయానికి మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆవిడ ఒక్క అంగలో తన కుర్చీలోకి చేరి, చొక్కా ఒళ్ళోకి లాక్కుని, సూది అందుకుంది. పళ్ళాయన కంప్యూటర్ ముందు కూలబడ్డాడు.

కూతురు కొత్త మౌస్ పట్టుకుని లోపలికొచ్చి, తెర చూసి ఆగిపోయింది. "ఇదేంటి, కొత్త రికార్డు! పాతదానికన్నా పన్నెండు సెకన్లు తక్కువ! ఎవరిది నాన్నా?"

పళ్ళాయన భార్య వంక చూశాడు. ఆవిడ తలెత్తలేదు.

"నేనే" అన్నాడు.

"బావా!" అని బావమరిది వచ్చి కావలించుకున్నాడు. "చూశావా, తప్పంతా మౌస్‌దే!"

అసలు ఆ మౌస్‌తోనే ఆడారన్న సంగతి అతనికి తట్టలేదు. కూతురు మాత్రం తండ్రి దగ్గరికొచ్చి, ఆయన జుట్టు మెల్లిగా పక్కకి తీసి చెవులు చూసింది. తర్వాత తల్లి వైపు తిరిగింది. ఆవిడ శ్రద్ధగా గుండీ కుడుతోంది. సూది పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. సూదిలో దారం లేదు.

కూతురు వెళ్ళి తల్లి పక్కన ముద్దుగా చతికిలబడింది.

"అమ్మా, రేపు నా స్కూల్ ఫారం కంప్యూటర్లో నువ్వు నింపిపెడతావా?"

సూది ఆగిపోయింది. పళ్ళాయన పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి భార్య చెవుల వంక పరీక్షగా చూశాడు. ఎర్రగా కందిపోయాయి.